అటువైపు కోత

రంపాల కొట్టాయన మాటకారి. కొనడానికి వచ్చినవాడికి ఏం కావాలో వాడికంటే తనకే బాగా తెలుసని ఆయన నమ్మకం. అందుకే చిన్నోడు వచ్చీ రాగానే, ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు బారున్న మోటారు రంపం కావాలని అడిగేసరికి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. చిన్నోడంటే కుర్రాడేం కాదు, నలభై దగ్గర పడుతున్నాయి. అన్నదమ్ముల్లో రెండోవాడు కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది.

బారంటే మోటారుకి ముందు పొడుచుకొచ్చే ఇనప పట్టీ. దాని అంచు వెంబడి పళ్ళ చెయిను తిరుగుతుంది. బారు ఎంత పొడుగుంటే అంత లావు దుంగ ఒక్క కోతలో తెగుతుంది. ఇంట్లో పొయ్యికి కట్టెలు చేసుకోవడానికి పదహారు అంగుళాల బారు చాలా ఎక్కువనీ, పొడుగు బారుకి పెద్ద మోటారు కావాలనీ, పెద్ద మోటారు మోయడానికి నడుం కావాలనీ కొట్టాయన విడమరిచి చెప్పాడు. చిన్నోడి నడుం వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు కూడా. మాను మరీ లావైతే ఇటు సగం, అటు సగం కోసుకుంటే సరి, లోకమంతా చేసేది అదేనన్నాడు.

"నేను అటువైపు వెళ్ళనండి," అన్నాడు చిన్నోడు.

"వెళ్ళకపోతే ఎలాగయ్యా? బారు కొస అవతల దేనికి తగులుతుందో చూసుకోవద్దూ? రాయికి తగిలిందంటే రంపం ఎగిరి నీ మొహం మీదికే వస్తుంది."

మాను లావెంతో కొలిచావా అంటే, ఇటునుంచి కొలిచానన్నాడు చిన్నోడు. ఇటునుంచి కొలవడమేమిటో కొట్టాయనకి అంతుబట్టలేదు. అయినా వచ్చిన బేరం వదులుకోవడం ఇష్టం లేక, ఇరవై ఎనిమిది అంగుళాల బారు బిగించి చేతిలో పెట్టాడు.

అటువైపు ఏముందో కొట్టాయనకి తెలియదు. పోయిన వానల్లో ఇంటి వెనకాల పెద్ద చెట్టు కూలినప్పుడు, దాని అవతల పక్క అన్న ఇరుక్కుపోయాడు. నడుం దాకా మాను కింద. ఆ రోజు ఇంట్లో ఉన్నది పొట్టి రంపం. చిన్నోడు బారు మొత్తం మునిగేదాకా ఇటునుంచి కోశాడు. మిగిలింది అటునుంచి కొయ్యాలి. అటు నేల పల్లం, మాను దొర్లితే అటే దొర్లుతుంది. చిన్నోడి కాళ్ళు కదల్లేదు.

"ఇటు రారా," అని అన్న పిలిచాడు. మొదట కేకేసి పిలిచాడు, తర్వాత మామూలుగా, ఆ తర్వాత బతిమాలుకుంటూ. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి మాను పైకెత్తేసరికి పిలుపు ఆగిపోయింది. రంపం చాలలేదని చిన్నోడు అందరికీ చెప్పాడు. అందరూ అయ్యో పాపం అని తలలూపి, ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు.

వదిన మాత్రం నమ్మలేదు. ఇల్లు ఇప్పుడు ఆవిడది. చిన్నోడు, భార్య, ఈమధ్యే పుట్టిన పాప ఆ ఇంటి వెనక గదిలో ఉంటున్నారు. ఒకరోజు భోజనం వడ్డిస్తూ, గొంతు పెంచకుండా వదిన తన మాట చెప్పేసింది.

"చలి ముదిరేలోపు ఆ మాను మొత్తం కట్టెలైపోవాలి. కూలివాళ్ళని పెట్టకు, నువ్వే కొయ్యి. చేతకాకపోతే పెళ్ళాం బిడ్డని తీసుకుని నీ దారి నువ్వు చూసుకో."

చెప్పి, ఇంకొంచెం వడ్డించమంటావా అని అడిగింది.

పిల్లని ఎత్తుకుని ఈ చలిలో ఎక్కడికి పోతాడు? అందుకే కొత్త రంపం. కొస వైపు నుంచి మొదలుపెట్టాడు. అక్కడ మాను సన్నం. బారు ఇటు దిగి అటు తేలుతుంటే, మొద్దులు ఒక్కొక్కటే తెగి పడ్డాయి. ఈ మాత్రం దానికా ఇన్నాళ్ళు భయపడ్డానని చిన్నోడు తనని తానే వెక్కిరించుకున్నాడు. ఆ రాత్రి గది వెచ్చబడింది. పాప ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

మొదలు వైపు జరిగేకొద్దీ మాను లావెక్కింది. ఒక సాయంత్రం బారు మోటారు దాకా మునిగినా మొద్దు విడిపోలేదు. అవతల జానెడు మిగిలిపోయింది. ఇటునుంచి కొలిచిన కొలత మరి. నాలుగడుగులు వేసి అటు తిరిగితే చిటికెలో అయ్యే పని. చిన్నోడు రంపం భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు.

పొద్దున వెళ్ళి చూస్తే మొద్దు తెగి పడి ఉంది.

బరువుకి విరిగిందనుకుందామంటే, విరిగిన కట్టెకి పీచు లేస్తుంది. ఇది నున్నగా ఉంది. ఇటునుంచి తను కోసిన కోత, అటునుంచి ఇంకెవరో కోసిన కోత లోపల కలుసుకున్నాయి. చిన్నోడు పిరికివాడే గానీ తెలివితక్కువవాడు కాదు, అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశాడంటే, ఆ మొద్దుని చీల్చి పొయ్యిలో పెట్టాడు. మర్నాడు ఇటునుంచి కోసినంత కోసి వదిలేశాడు. తెల్లారేసరికి అదీ తెగింది. చచ్చిపోయినా అన్న తన పని చేసిపెడుతున్నాడని లోపల్లోపల సంతోషించాడు కూడా. సిగ్గులేని సంతోషం. అలా రోజూ కాస్త తక్కువ కోస్తూ వచ్చాడు.

అటునుంచి వచ్చే కోత రోజూ కాస్త ఎక్కువవుతోందని ఆలస్యంగా గమనించాడు. మొదట జానెడు, తర్వాత సగం. నిన్న ఇటు బెరడు మీద గీతపెట్టి వదిలేస్తే, ఆ గీత దాకా వచ్చేసింది.

ఇక మిగిలింది మొదలు ఒక్కటే. ఆ రోజు అన్న ఇరుక్కున్న చోటు. చిన్నోడు వెళ్ళేసరికి వెలుగు తగ్గిపోతోంది. పచ్చి చెక్క వాసన, పెట్రోలు వాసన, వాటి కింద తడిసిన మట్టి వాసన. వాన పడి చాలా రోజులైంది. మోకాలు మానుకి ఆనించి, రంపం మోటారు తిప్పే తాడు లాగడానికి వంగాడు.

ఇంకా లాగలేదు...

మాను లోపల సన్నగా ఏదో కోస్తోంది. మోకాలి కింద బెరడు వణుకుతోంది. చూస్తుండగానే ఇటువైపు బెరడు మీద సన్నటి చీలిక పడింది. అందులోంచి పొట్టు ఉబికి అతని ప్యాంటు మీద రాలింది. పళ్ళు కనిపించలేదు. చెయిను కనిపించలేదు. చీలిక మాత్రం సాగుతోంది... అతని కాలి వైపు.

అవతల నుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"చాలిందా?"

రంపం అక్కడే పడేసి పరిగెత్తాడు. గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టాడు. భార్య చెక్క గోడ పక్కన ఉయ్యాల ఊపుతోంది. పాప సన్నగా ఏడుస్తోంది.

"ఏమండీ, గోడలో ఏదో కొరుకుతోంది," అంది భార్య గుసగుసగా. "చూడండి, పాప మీదంతా పొట్టు."

దీపం దగ్గరికి తెచ్చాడు. ఉయ్యాల ఎత్తులో, గోడ మీద, తిన్నని గీత. పాప జుట్టులో చెక్కపొట్టు. భార్య ఉయ్యాలని గది మధ్యకి లాగింది. గీత ఆగలేదు.

"బయటికి వెళ్ళి చూడండి... ఎవరో ఉన్నారు."

చిన్నోడు గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. పాప తుమ్మింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చిన్నోడు అటువైపు వెళ్ళాడు.

గోడ పట్టుకుని, మూల తిరిగి, దీపం ఎత్తి చూశాడు. చెక్కల మీద గీత లేదు. గాటు లేదు. అరచేత్తో తడిమాడు. చల్లగా, నున్నగా, ఎప్పటిలాగే ఉంది. చీకట్లో ఎవరూ లేరు. అటువైపంటే ఇంతేనా? ఆ రోజు కూడా ఇంతేనేమో, నాలుగడుగులు వేసి ఉంటే అన్న బతికేవాడేమో. చిన్నోడికి ఏడుపొచ్చింది, మొహం కడుక్కున్నంతగా ఏడ్చాడు. ఏడుస్తూనే నోరు గోడకి ఆనించి చెప్పాడు.

"ఇటు వచ్చాను. చూశాను. ఇటు ఎవరూ లేరే."

లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది, ఊపిరి బిగబట్టి మాట్లాడుతున్నట్టు.

"ఇటు రండి..."

అరచేతి కింద చెక్క వణకడం మొదలుపెట్టింది.

కోత లోపలి నుంచి వస్తోంది. పాప ఏడుపు వినిపించడం లేదు. గోడ మీద, అతని ఛాతీ ఎత్తులో, సన్నటి చీలిక విచ్చుకుంది. పొట్టు బయటికి ఉబికి అతని వేళ్ళ మీద రాలింది. దీపం దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు.

తడిగా ఉంది. గోరువెచ్చగా ఉంది.