మేనత్త వద్దన్న యాప్

ఆదివారం బాగా తెల్లవారేసరికి ఫూసి కొబ్బరిపాలు పిండడం పూర్తి చేసింది. పెరట్లో ఆమె భర్త కెపు, గుంటలో రాళ్లు ఎర్రగా కాల్చి, చేమాకుల్లో మాంసం చుట్టిన పొట్లాలు ఒక్కొక్కటే పేరుస్తున్నాడు. చర్చి నుంచి వచ్చేసరికి అవి మెత్తగా ఉడికి ఉంటాయి. టోంగా దీవుల్లోని ఈ నుకుఅలోఫా ఊళ్లో ఏ ఇంట చూసినా ఆదివారం పొద్దున ఇదే సందడి.

"సిడ్నీ వాళ్లు నిన్న మళ్లీ ఫోన్ చేశారు. మన చర్చికి చేసినట్టే వాళ్ల పాటల బృందానికి కూడా యాప్ చేసి పెట్టమని ఒకటే గొడవ," అన్నాడు కెపు, పొట్లాల మీద అరటాకులు కప్పుతూ.

"మరి ఇక్కడి బటన్ ఫోన్లకి ఎప్పుడు చేస్తావు?"

"మళ్లీ మొదలెట్టావా తల్లీ! అవి వాడేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. వాటికోసం అంతా మొదట్నుంచీ రాయాలి. రెండు నెలల చాకిరీ. అయినా ఆ సంగతి ఎప్పుడో తేలిపోయిందిగా. అత్తనే అడిగాను, వద్దంది."

ఇక ఫూసి ఏమంటుంది? ఆ ఇంట్లో మేనత్త వద్దంటే వద్దే. పిల్లలకు పేరు పెట్టాలన్నా, పెళ్లికి ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నా తండ్రి తోబుట్టువుదే ఆఖరి మాట. కన్నతల్లితో పేచీ పెట్టుకునే పిల్లలు కూడా మేనత్త ఎదుట నోరెత్తరు. కెపుకు ఆ మేనత్త మెలెనైతె.

కెపు చేసిన యాప్‌ను చర్చిలో మెచ్చుకోనివారు లేరు. కొత్త కీర్తన రాగానే ఎవరి గొంతుకు తగిన వరస వాళ్ల ఫోన్లో వినిపిస్తుంది. ఆస్ట్రేలియా పండ్లతోటల్లో పనికి వెళ్లినవాళ్లు కూడా అక్కడినుంచే నేర్చుకుంటున్నారు. అది వచ్చాక పాటల మేష్టారు బుధవారం సాధన ఎత్తేశాడు. ఎవరింట్లో వాళ్లు నేర్చుకోవడం, ఆదివారం వచ్చి కలిసి పాడడం. అందరికీ సుఖంగానే ఉంది. అందరికీ అనే అనుకున్నారు మరి!

ఆ రోజు చర్చిలో కొత్త కీర్తన ఎత్తుకున్నారు. చర్చికి వెళ్లే మర్యాద ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, తల ఎత్తుకుని, మెలెనైతె అత్త ఎప్పటిలాగే ఆడవాళ్లలో రెండో వరస పాడేవాళ్ల ముందు నిలబడింది. ఫూసి కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ ఆ వరసను నడిపించేది ఆమె గొంతే. ఈరోజు ఆ గొంతు వినిపించలేదు. ఫూసి పక్కనుంచి తొంగిచూసింది. అత్త పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఆమె పక్కనున్న ముసలివాళ్లవీ అంతే, ఉత్త పెదవులు.

ప్రసంగంలో ఒక్క ముక్క కూడా ఫూసి చెవికెక్కలేదు.

మధ్యాహ్నం అత్తను చాప మీద పైవరసన కూర్చోబెట్టి, మొదటి పొట్లం ఆమెకే విప్పి పెట్టారు. ఆవిరి తగ్గేదాకా ఆగి ఫూసి అడిగేసింది.

"అత్తా, ఇవాళ మీరు పాడలేదు."

కెపు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఫూసీ!" అన్నాడు గొంతు తగ్గించి.

"గొంతు బాలేదే," అంది అత్త తాపీగా.

"గొంతుకేం, నిక్షేపంలా ఉంది. ఇందాక పిల్లల్ని కేకేస్తే వీధి చివరిదాకా వినపడింది. మీకు పాట రాదత్తా. నేర్పేవాళ్లు లేరు."

"నోరు ముయ్యి. పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది?" కెపుకు కోపం ముంచుకొచ్చింది. "నేర్పేవాళ్లు లేకపోవడమేంటి? పెద్ద ఫోన్ కొనిచ్చాగా! అత్తా, అదేమైంది?"

"మనవరాలికి ఇచ్చేశా."

"ఎందుకు?"

అత్త చేయి తుడుచుకుని, అరచేయి పైకి పెట్టి మేనల్లుడి ముందుకు చాపింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆకు చీల్చి చాపలల్లిన చేయి అది. వేళ్ల కొసలు గట్టిపడి, ఎండి, నున్నగా కొమ్ములా ఉన్నాయి.

"ఆ ఫోన్ అద్దం నన్ను మనిషికింద లెక్కెయ్యదురా. ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. మా చాపలల్లేవాళ్లందరిదీ ఇదే గతి. బటనైతే పాపం, నొక్కితే దిగుతుంది."

"మరి బటన్ ఫోన్లకి చెయ్యనా అని నేనడిగితే వద్దన్నారెందుకు?"

"కావాలి అనుంటే, చెయ్యనని నువ్వనగలవా?"

"అమ్మో! మీ మాట కాదంటానా?"

"అందుకే అన్లేదు," అంది అత్త. "నా నోట్లోంచి వస్తే అది ఆజ్ఞయి కూర్చుంటుంది. చేతిలో పనంతా వదిలేసి దాని వెంట పడతావు. ఆ సిడ్నీ వాళ్లు ఇంకోడి దగ్గరికి పోతారు. మేనత్తనయ్యుండి నీ నోటిదగ్గర కూడు తీస్తానా నేను?"

కెపు ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని తల వంచేశాడు. అతని భుజాలు కదలడం చూసి ఫూసికి కోపమంతా దిగిపోయింది.

"మీరు వద్దనగానే నాకు హాయిగా అనిపించిందత్తా," అన్నాడు చివరికి. "ఎందుకని ఒక్క మాట అడగలేదు. అడిగితే మీరు నిజం చెప్తారేమోనని భయం. మీ మాట మన్నించాననుకున్నా. నాకు కలిసొచ్చింది కాబట్టి మన్నించా, అంతే."

"పోన్లేరా, ఏడవకు. అన్నం దగ్గర ఏంటిది?"

"ఇప్పుడు అడగండి."

"అడిగితే ఆజ్ఞ అవుతుందని చెప్తున్నానా?"

"మేనత్తలా వద్దు. ఊరికే అడగండి."

మెలెనైతె అత్త ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆమెకు అడగడం చేతకాదు. మింగుడు పడనట్టు ఒకటికి రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"బతిమాలుకుంటున్నా అనుకో," అంది. ఆమె కళ్లు నిండిపోయాయి. "పోయేదాకా పాడుతూ ఉండాలనుందిరా నాకు. ఊరికే నోరు ఆడిస్తూ దేవుడి ముందు నిలబడాలంటే సిగ్గేస్తోంది."

"రేపు సిడ్నీకి ఫోన్ చేసి రెండు నెలలు ఆగమంటాను. ఆగితే సరే, ఆగకపోతే ఇంకో పని చూసుకుంటాం," అన్నాడు కెపు. అని, భార్య వైపు చూశాడు. ఫూసి కొంగులాంటిదేదీ లేక ముంజేత్తోనే కళ్లు తుడుచుకుని తలూపింది.

"బటన్ ఫోన్ చిన్న తెర మీద, మనం పాట రాసుకునే స్వరాల అంకెలు పట్టవు, గొంతు ఒక్కటే వినిపించాలి," అన్నాడతను, అప్పుడే పనిలో పడిపోయి. "రెండో వరసకి మీ గొంతే పెడతానత్తా."

"నాకే రాదు మొర్రో అంటుంటే!"

ఫూసి నవ్వేసింది. "నాకొచ్చుగా. నేను చెప్తాను."

"ఇప్పుడా? ఆదివారం ఇలాంటి పనులు చెయ్యకూడదు కదే!"

"కంప్యూటర్ ముట్టుకోకూడదు గానీ, పాడకూడదని ఎవరన్నారు?"

అత్త పక్కకు జరిగి, పైవరస చాప మీద చోటు చూపించింది. కోడళ్లు కూర్చునే చోటు కాదది. ఫూసి వెనకాడింది. అత్త చేయి పట్టి లాగి కూర్చోబెట్టుకుంది.

"నెమ్మదిగా చెప్పు. ముసలిదాన్ని."

ఫూసి మొదటి పాదం పాడింది. అత్త తడబడుతూ అందుకుంది. ఇంకోసారి పాడారు. కెపు కదలకుండా వింటున్నాడు. ఆ తర్వాత ఎప్పుడో అత్త గొంతు ముందుకు సాగింది, ఫూసి తనకు వచ్చిన పాటే అయినా ఆమె వెనకాలే పాడుతూ వెళ్లింది.