ఎత్తు దగ్గర దిగేవాళ్లు

"ఆ తువ్వాలుతో అద్దం తుడిచారా?" అంది వరహాలు.

"గుడ్డముక్కకింత రాద్ధాంతమేంటే? ఉతికితే పోద్ది," అన్నాడు ఆమె భర్త సూర్రావు.

"మరక పోద్ది. మీ బుద్ధి పోదు."

అది వరహాలు నాన్న, కాలంచేసిన పోలయ్య రిక్షా హ్యాండిల్‌కి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు. ఇప్పుడు రాజమండ్రిలో చక్రమున్న బండే లేదు. పిలిస్తే గుమ్మం ముందుకు తనుబండి వచ్చి నిలుస్తుంది. తోలేవాడుండడు, చప్పుడుండదు. ఆ నిశ్శబ్దం జనానికి విసుగెత్తి, వెనకటి రిక్షావాళ్ల మాటలూ ఆయాసమూ వినిపించే 'పాతరిక్షా' సేవ మొదలైంది.

అది నడిపే సంస్థలోనే కొడుకు చైతన్ పని. ఆ సాయంత్రం అమ్మను ఒక పాతరిక్షా ఎక్కించాడు. "తాతయ్య గొంతే పెట్టామమ్మా. మిగతా ఊళ్లకీ పంపాలి. రాత్రికి నువ్వు ఒప్పుకుని ఇంకో వేలిముద్ర వేస్తే, ఆ పని నా చేతికొస్తుంది."

నాన్న గొంతు వాడుకోనిస్తూ వేసిన మొదటి ముద్ర, మ్యూజియం కోసమని చెబితే వేసింది వరహాలు.

బండి కదిలింది. "ఎక్కడికమ్మా?" అంది పోలయ్య గొంతు. ఆమె కళ్లు చెమర్చాయి. ఇంతలో స్టేషను ఎత్తు వచ్చింది. ఆ గొంతులో ఆయాసం, దగ్గు మొదలయ్యాయి. పక్క బండిలో ఒక జంట ఆయాసపు మీటను చివరిదాకా తిప్పి, విరగబడి నవ్వుతోంది.

వరహాలు ఆ దగ్గును గుర్తుపట్టింది. అది తొక్కే మనిషి ఆయాసం కాదు. క్షయతో మంచం పట్టిన నాన్న, పరిశోధకులకు తన కథ చెబుతూ పడిన ఆయాసం. మాటమాటకీ ఆగి ఉమ్మితే, పళ్లెం పట్టింది తనే.

"ఆపు," అంది. దిగి నడిచింది. ఆ రోజుల్లో ఈ ఎత్తు దగ్గర మనసున్నవాళ్లు చెప్పకుండానే దిగేవారు. కూర్చున్నవాళ్లను పేట పేటంతా గుర్తుపెట్టుకునేది. ఖాళీ బండి ఆమె పక్కనే, మోసేదేమీ లేకపోయినా, రొప్పుతూ వచ్చింది. పైకి చేరాక కాలవగట్టున వాంతి చేసుకుంది.

రాత్రి ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. చైతన్ ముద్రపలక ఆమె పక్కన పెట్టాడు. వరహాలు వాళ్లిద్దరికీ పప్పు వడ్డించి, దాన్ని పక్కకు జరిపింది.

"వెయ్యను. వేసిన ముద్ర కూడా రేపు వెనక్కి తీసుకుంటాను. మా నాన్న గొంతు ఇక ఏ బండిలోనూ వినపడదు."

"నా ఉద్యోగం పోద్దమ్మా. ఇన్నాళ్లూ దానిమీదే కదా బతుకుతున్నాం."

సూర్రావు ముద్ద కలపడం ఆపేశాడు. వరహాలు కొడుకు కంచంలో నెయ్యి వేసింది.

"ఎత్తొచ్చింది నాయనా," అంది. "దిగు."