రేకులోకి దిగిన స్క్రూ

"ఇవి చెక్కకి వాడే స్క్రూలు కావు" అంది కౌంటర్ వెనక అమ్మాయి, తల కూడా ఎత్తకుండా.

జార్కెంత్ అనే ఊరు దాటాక వచ్చే సరిహద్దు టెర్మినల్లో, ఒక కస్టమ్స్ బ్రోకర్ తరఫున నేను దిగుమతి సరుకులకి డిక్లరేషన్లు వేసేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరుందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఉన్న రెండో మనిషి నాకింకా తగల్లేదు.

"చెక్క స్క్రూలే మేడమ్. పెట్టె మీద చెక్కపలక బొమ్మ కూడా ఉంది, చూడండి."

"గుర్రం బొమ్మ ఉంటే గుర్రాలని రాసుకొస్తారా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చొక్కా మీద పేరు చదివాను. రౌషన్. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్.

టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, 7318 అనే నాలుగంకెల కోడ్ దాకా మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. ఇనుప స్క్రూలన్నీ అందులోకే వస్తాయి. గొడవంతా తర్వాతి రెండంకెల దగ్గర. చెక్కలోకి బిగించే స్క్రూలైతే పన్నెండు, రేకులో తనంతట తనే దారి చేసుకునే స్క్రూలైతే పద్నాలుగు. నేను పన్నెండు వేశాను.

"మొన నుంచి తల దాకా మరలున్నాయి. ఇది రేకులోకి దిగే రకం" అంది.

"చూడ్డానికలా ఉంది గానీ, రేకు తగిలితే మొన విరుగుతుంది మేడమ్. కావాలంటే ఇప్పుడే చూపిస్తా."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలీదు. అంతకు క్షణం ముందే ఆమె మొదటిసారి తలెత్తింది. ఆ కళ్ళు చూశాక నోరు నా మాట వినలేదు.

తనిఖీ షెడ్డులోంచి పల్చటి రేకూ, స్క్రూడ్రైవరూ తెప్పించింది. నాకేం బెంగ లేదు. మా ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా అమ్మ పక్కింటాయన్ని పిలుస్తుంది. ఇక్కడ కావలసింది స్క్రూ దిగకపోవడం. నావల్ల కాకపోవడమనే విద్యలో నన్ను మించినవాడు ఈ దేశంలో లేడు.

స్క్రూ పెట్టి తిప్పాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. కంగారులో ఇంకా గట్టిగా తిప్పాను.

"చాలు, ఆపండి! బల్లలోకి కూడా వెళ్తోంది!"

"చూశారా మేడమ్, చెక్కలోకీ దిగింది!"

"దిగింది. రేకుని దాటుకుని మరీ."

వరస మొత్తం నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. పక్కకి తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సరుకు ఆ రోజు కదల్లేదు. అది చెక్కపెట్టెలు చేసే సబిర్‌బెక్ మామది. ఫోన్లో విరుచుకుపడ్డాడు. "ఏరా మేదెత్, పెళ్ళివాళ్ళకి మూతల్లేని పెట్టెలివ్వమంటావా? నీకు స్క్రూకీ శనగకీ తేడా తెలుసా అసలు?"

కోడ్ మార్చి మళ్ళీ వేశాను. మర్నాడు మధ్యాహ్నానికి సరుకు బయటపడింది. కృతజ్ఞతతో చాక్లెట్లు పట్టుకెళ్ళాను.

"ఇదేంటి?"

"చాక్లెట్."

"మీ కాగితాలు నా బల్ల మీదికొచ్చినంత కాలం మీ చేతి మంచినీళ్ళు కూడా నేను తాక్కూడదు. తీసుకెళ్ళండి."

ముఖం మాడ్చుకుని రెండడుగులు వేశాను. వెనకనుంచి గొంతు తగ్గించి అడిగింది. "ఏ షాపులోవి?"

"ఎందుకు?"

"నేనే కొనుక్కుంటా."

ఆ రోజునుంచీ నాకు టారిఫ్ మీద సందేహాలు విపరీతంగా పుట్టుకొచ్చాయి.

"ఇవాళేంటి?"

"కొక్కెం ఉన్న స్క్రూ ఎందులోకి వస్తుంది మేడమ్?"

"నిన్న అడిగారు."

"సరిగ్గా అర్థం కాలేదు."

"మొన్నా అడిగారు. మీకు అర్థం కావడానికి నేను రిటైరవ్వాలేమో."

ఆ వసంతంలో ఓ సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. బస్సు కోసం ఇద్దరం ఒకే చూరు కింద చిక్కుకున్నాం. ఆమె ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో పొడి జాగా చాలా ఉంది, చివర్లలో తడుస్తున్నాం, అయినా ఇద్దరం జరగలేదు.

వానని చూస్తూ మెల్లగా అంది. "మీరింకేదైనా ఉద్యోగం చేస్తుంటే బావుండేది."

నాకు ఒళ్ళు మండింది. నా పనితనాన్ని అంతమాటంటుందా? వారం రోజులు ఆ కౌంటర్ వైపు వెళ్ళలేదు, పక్క కౌంటర్లో వేశాను. ఇంత తెలివైనవాణ్ణి కని మా అమ్మ ఎంత సంబరపడిందో.

తర్వాత ఎవడో పేరు లేకుండా ఫిర్యాదు పెట్టాడు, ఇన్‌స్పెక్టర్ నా కాగితాలు మాత్రం చకచకా వదిలేస్తోందని. ఆమెని పైవాళ్ళు పిలిపించారు. ఫైళ్ళన్నీ బయటికి తీశారు. ఆ రెండ్రోజులూ నేను ఆఫీసు బయటే తచ్చాడాను.

తేలిందేంటంటే, ఆమె అందరికంటే ఎక్కువసార్లు వెనక్కి తిప్పికొట్టింది నా డిక్లరేషన్లనే. నేను సక్రమంగా పనిచేసుంటే ఆమె ఉద్యోగం ఊడేది.

ఆమె మళ్ళీ కౌంటర్లో కూచుంది. ముఖం పీక్కుపోయి ఉంది. నాకేసి చూడలేదు. అప్పుడు వెలిగింది నా బుర్రకి, వానలో ఆమె అన్న మాటకి అర్థమేంటో. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేశాను. మా బ్రోకర్ "కాస్త ఆలోచించుకో" అని కూడా అనలేదు.

శనివారం వాకిట్లో తివాచీ దులుపుతున్నాను, నిరుద్యోగికి అమ్మ అప్పగించిన మొదటి పని. గేటు ధడాలున తెరుచుకుంది. రౌషన్.

"భయపడి పారిపోయారా?"

"భయమా? అంటే... కొంచెం ఉంది. కానీ అందుకు కాదు."

"మరెందుకు? అంత జరిగినా ఒక్క మాట చెప్పకుండా మానేస్తారా? నేనేమనుకోవాలి?"

"అక్కడుంటే మీతో చెప్పకూడని మాట ఒకటుంది. అది చెప్పడానికే మానేశాను."

"చెప్పండి మరి."

ముఖం నిండా దుమ్ము, చేతిలో కర్ర. ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరికి దొరుకుతుంది? "మీరంటే నాకిష్టం" అన్నాను, తివాచీకేసి చూస్తూ.

తలెత్తితే అరుగు మీద కూలబడి ఉంది.

"రైల్వే వైపు కస్టమ్స్ పోస్టుకి బదిలీ అడిగాను. నిన్ననే వచ్చింది" అంది.

"ఎందుకు?"

"ఎందుకేంటి, నీకోసం! బుద్ధుందా నీకు? ఒక్క రోజు ఆగుంటే నీ ఉద్యోగం నీకుండేది కదా!"

నన్ను చాలామంది తిట్టారు. ఇంత హాయిగా ఎవరూ తిట్టలేదు.

విషయం తెలిసి సబిర్‌బెక్ మామ తన దుకాణంలో అమ్మకాలు చూసుకోమన్నాడు. పనిముట్లు మాత్రం ముట్టుకోవద్దని ఒట్టేయించుకున్నాడు.

తర్వాతి ఆదివారం రౌషన్ వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. వాళ్ళమ్మ మాట్లాడింది తక్కువ, చూసింది ఎక్కువ. ఉద్యోగం గురించి అడుగుతుందని దారంతా జవాబులు బట్టీపట్టాను. ఒక్కటీ అడగలేదు. పొగలు కక్కే మాంసం పళ్ళెం తెచ్చి, అందులోంచి గొర్రె రొమ్ముముక్క తీసి నా పళ్ళెంలో పెట్టింది.

మా దగ్గర ఆ ముక్క అల్లుడి వాటా. పాపం, పెద్దావిడ చూసుకోకుండా పెట్టేసినట్టుంది.

గొంతు తగ్గించి "అమ్మా, పొరపాటున ఇది నా వైపు..." అంటూ పళ్ళెం మెల్లగా వెనక్కి నెట్టబోయాను.

రౌషన్ పెదవి కొరుక్కుని తల దించేసింది. భుజాలు ఊగిపోతున్నాయి.

వాళ్ళమ్మ పళ్ళేన్ని మళ్ళీ నా ముందుకి జరిపింది. "పొరపాటేం లేదు నాయనా. చల్లారిపోతుంది, తిను."

తిన్నాను. రుచేంటో తెలియలేదు. మళ్ళీ పెట్టించుకున్నాను.