పాత గేటు దగ్గర పలికిన హాజరు

కొత్తగూడెం నుంచి జూలూరుపాడు వచ్చే అడవిదారిలో పాత ఫారెస్టు గేటు ఉంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ బండి ఆపరు. గేటు ఎప్పుడో పోయింది. మిగిలినవి రెండు రాతి స్తంభాలు, కప్పు కూలిన చౌకీ గది, దాని వెనక ఒక నీళ్ళ తొట్టి. అంతే. అయినా ఆ చోట మనిషిని పేరు పెట్టి పిలవకూడదంటారు. పిలిస్తే... ఆ మనిషి అక్కడ లేకపోయినా... ఆ మనిషి గొంతుతోనే ఇంకేదో పలుకుతుందట.

ఊరికే పుట్టిన మాట కాదు. ఒకసారి బస్సెడు మంది విన్నారు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. ఏ కాగితానికి ఏ ఆఫీసుకు పోవాలో తెలియక జనం చెప్పులు అరిగేలా తిరిగారు. అదొక పెద్ద కథ, ఇప్పుడొద్దు. ఆ ఏడు కార్తీకంలో ఆ చుట్టుపక్కల ఒక హైస్కూలు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని భద్రాచలం, పర్ణశాల విహారయాత్రకు తీసుకుపోయారు. వెంట వెళ్ళింది తెలుగు సారు వెంకటప్పయ్య. మంచివాడే. హాజరు వేసేటప్పుడు రిజిస్టరులోంచి తల ఎత్తడు, అదొక్కటే లోపం.

ఆ పిల్లల్లో లాలి ఒకతె. వాళ్ళ తండా నుంచి తొమ్మిది దాకా వచ్చిన ఆడపిల్ల తనొక్కతే. నాలుగు మైళ్ళు నడిచి రావాలి. వానాకాలం వాగు అడ్డం పడితే ఆలస్యమయ్యేది. అప్పుడు పక్కన కూర్చునే నిర్మలాదేవి, ఆసామి బసవపున్నయ్య కూతురు, లాలి హాజరు తను పలికేది. ఆ వానలకు లాలికి విడవని పడిశం. అందుకని నిర్మల తల వంచి, ముక్కు ఒకసారి ఎగబీల్చి, సన్నగా "ప్రెజెంట్ సార్" అనేది. ఇద్దరిదీ చివరి బెంచీ, క్లాసులో ఎవరికీ తెలిసేది కాదు.

"నాకన్న నువ్వే బాగ పలుకుతున్నవ్ గదనే" అనేది లాలి. దసరా నాటికి పడిశం పోయింది. దోస్తీ మాత్రం ఉంది.

గోదావరిని లాలి మొదటిసారి చూసింది అప్పుడే. మ్యాపులో నీలం గీత. ఇక్కడేమో మట్టిరంగు, అవతలి ఒడ్డు మనుషులు చీమలంత. ఇద్దరూ ఒకే ఆకులో పులిహోర తిన్నారు.

తిరిగి వస్తుంటే మసక చీకటిలో ఈ గేటు దగ్గర బస్సు ఆపారు. ఆడపిల్లలు ఒకపక్క, మగపిల్లలు ఒకపక్క దిగి వచ్చారు. అందరూ ఎక్కి కూర్చుంటుండగా నిర్మల లాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లాలీ... మా నాయన వాచీ. మొఖం కడుక్కుంట తొట్టి గట్టు మీద పెట్టిన."

"సారుకు చెప్దాం పా."

"వద్దే! ఇంట్ల అడగకుండ తెచ్చిన. తెలిస్తే తోలు తీస్తడు. నువ్వు జల్దీ పోయి తే. నాకు చీకటంటే భయం, నువ్వైతే అడవి పిల్లవి."

"బస్సు పోతే?"

"నేనున్న గదా! నువ్వు ఎక్కకుంట కదలనిస్తనా?"

లాలి వెనక తలుపులోంచి దిగి పరుగెత్తింది. గట్టంతా తడిమింది. వాచీ చేతికి తగిలింది... చల్లగా.

అప్పుడే బస్సు కదిలిన చప్పుడు.

కేక పెడుతూ రోడ్డు మీదకు వచ్చింది. ఎర్ర దీపాలు రెండు దూరమవుతున్నాయి. మలుపు దగ్గర నిర్మల ఆపిస్తుందిలే అనుకుంది... బస్సు మలుపు తిరిగింది. దుమ్ము కూడా అణిగింది.

చీకటి. కీచురాళ్ళు. ఎక్కడో ఎండుటాకుల మీద ఏదో నడుస్తోంది. లాలి చౌకీ గదిలోకి దూరి గోడకు ఆనుకుని ముడుచుకుంది. అక్కడ... తన ఊపిరి కాక... ఇంకేవో ఊపిరులు.

తర్వాత ఒక గొంతు.

"పద్దెనిమిది... పందొమ్మిది..."

దగ్గరికి వస్తోంది.

"ఇరవై..."

గరుకైన చెయ్యి ఒకటి తల మీద పడింది.

"ఇరవై ఒకటి... ఏందిది, ఒకటి ఎక్కువొచ్చింది? ఎవరే బిడ్డా నువ్వు?"

మేకలు! ముసలయ్య అనే కాపరి మందను అక్కడ పండబెట్టుకుని, చీకట్లో తలలు తాకుతూ లెక్క చూసుకుంటున్నాడు. లాలి అప్పుడు ఏడ్చింది. ఆయన గొంగడి కప్పి, రొట్టెముక్క చేతిలో పెట్టాడు. (ఇప్పుడామె లాలి టీచర్. పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా పేర్లు పిలవదు. ఒక్కొక్క తల తాకి లెక్కపెడుతుంది. ఆ పాఠం ముసలయ్య దగ్గర నేర్చిందే.)

"తాతా, ఈడ దయ్యాలు గిట్ల ఉంటయా?"

"నలభై ఏండ్ల సంది ఈడనే పంటున్న. చిరుతపులి తప్ప ఇంకోటి రాలే."

"మా వోళ్ళు వస్తరు తాతా. నా దోస్తు ఉంది బస్సుల."

రెండు గంటలకు బస్సు వచ్చింది. ముందు దూకింది లాలి తండ్రి భద్రు. తండా మలుపు దగ్గర లాంతరు పట్టుకుని ఎదురుచూస్తే బిడ్డ దిగలేదు, అప్పుడు గాని సంగతి బయటపడలేదు. పిల్లలు మాత్రం దిగలేదు. కిటికీల్లోంచి లాలి పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తున్నారు.

వెంకటప్పయ్య సారు రిజిస్టరు పట్టుకునే దిగాడు. "పేరు పేరునా పిలిచిన తల్లీ! నువ్వు పలికినవ్. నా చెవులార విన్న."

"అవ్ సార్, లాలి గొంతే" అన్నారు వెనక నుంచి.

అప్పుడు నిర్మల గుసగుసగా అంది —

"గేటు దయ్యం సార్. లాలి గొంతుతోని అదే పలికింది."

సారు గట్టిగా ఊపిరి వదిలాడు. బరువు దించుకున్న మనిషిలా. "అంతే. అదే అయ్యుంటది" అన్నాడు. ముసలయ్య ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. ఆ గేటుకు ఆ పేరు పుట్టింది ఆ రాత్రే.

లాలి నమ్మింది. దోస్తు చెప్పింది గదా! వాచీ చాటుగా నిర్మల చేతిలో పెట్టింది.

భద్రు బిడ్డకు తాయెత్తు కట్టించి బడి మాన్పించాడు. గొంతు దొంగిలించింది మనిషి కోసం కూడా వస్తుందని భయం. రెండు నెలలు లాలి ఇంట్లో కూర్చుంది. నిర్మల వచ్చి చూస్తుందని రోజూ బాట వైపు చూసేది. రాలేదు.

ఒకనాడు తండాలోనే ఉండే క్లాసు పిల్లవాడు మోతీలాల్ వచ్చాడు. గుమ్మం దాటలేదు. దూరం నుంచే పుస్తకాలు పెట్టాడు.

"నిజంగ నా లెక్కనే పలికిందారా?" అడిగింది లాలి.

"అచ్చం నువ్వే. ముక్కు గూడ ఎగబీల్చింది."

లాలి చెయ్యి మెల్లగా ముక్కు మీదకు పోయింది.

దసరాకే పోయింది గదా పడిశం.

పేరు వినగానే అలవాటుగా నిర్మల నోరు జారి ఉంటుంది. జారిందని చెబితే వానాకాలమంతా పలికిన హాజర్లు, వాచీ, అన్నీ బయటపడతాయి. అక్కడిదాకా లాలికి అర్థమైంది. నోరు జారడం తప్పేమీ కాదు. కానీ తండా దాకా... మలుపు తర్వాత మలుపు... పక్కన ఖాళీ సీటు పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత దయ్యాన్ని పుట్టించింది.

ఆ రాత్రి తండ్రి అన్నం తింటుంటే చెప్పింది. "బాపూ, దయ్యం లేదు. పలికింది మనిషే."

"ఎవరు?"

లాలి చెప్పలేదు.

భద్రు చెయ్యి కడుక్కుని వచ్చాడు. తర్వాత తాయెత్తు విప్పి పొయ్యిలో వేశాడు. "మనిషే అయితే ఇంక భయమేముంది? రేపు బడికి పో" అన్నాడు.

ఆ రెండు నెలల్లో లాలికి భయంతో నిద్ర పట్టనిది ఆ ఒక్క రాత్రే.