కట్టర్ తప్పుకునే మూల

ఇనుము కోసే మిల్లింగ్ మిషన్లకి ప్రోగ్రాములు రాసేవాళ్లలో తనంతటివాడు ఇంతవరకు పుట్టలేదని, ఇక పుట్టబోడని గడుగ్గాయి టీ కొట్టు దగ్గర నలుగురిలో ప్రకటించాడు. ఆ ప్రకటన చేసిన రోజుకి అతనికి కట్టర్ దారి గీసే క్యామ్ సాఫ్ట్‌వేర్ తెరవడం వచ్చింది. మూయడం ఇంకా రాలేదు. మూయాల్సి వచ్చినప్పుడల్లా గుట్టుచప్పుడు కాకుండా కంప్యూటర్ ప్లగ్గు పీకేవాడు.

గడుగ్గాయి అన్నది వర్క్‌షాపు వాళ్లు పెట్టిన పేరు. అప్పటిదాకా అతని పని మిషన్ల కింద రాలిన ఇనుప రజను ఊడ్చడం, కోసిన ముక్కల అంచులు ఆకురాయితో రుద్దడం. ఆ చీపురు చేతిలోంచి లాగేసి కుర్చీలో కూర్చోబెట్టింది బావ. అక్క మొగుడు. ఆ వర్క్‌షాపు మొత్తానికి ఒకే ఒక్క ప్రోగ్రామర్.

బావ నేర్పుతుంటే కథ చెప్తున్నట్టు ఉండేది.

"ఇదిగో బామ్మర్దీ, ఇది ఇనప దిమ్మ. దీంట్లోంచి మనకి కావాల్సిన ముక్క బయటికి రావాలి. ఏ కట్టర్ వాడాలో, ఎంత లోతు దిగాలో నువ్వు చెప్తావు. ఏ దారిలో పోవాలో ఇది గీస్తుంది. ముందు తెర మీద ఉత్తుత్తిగా కోసి చూసుకో. ఇక్కడ గుద్దుకుంటే ఎర్రరంగు కనిపిస్తుంది, అంతే. అక్కడ మిషన్ మీద గుద్దుకుంటే మన కొంప కనిపించదు."

"ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు బావా. బయటికి చెప్పలేదంతే."

"తెలుసులే. నిన్న కట్టర్‌ని బల్ల కిందనుంచి పంపావు చూడు, అప్పుడే అనుకున్నా."

ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తన క్యారియర్లో కూర సగం ఇతని వైపు తోసేవాడు. కన్నతండ్రి ఉన్నా ఇంత ఓపిగ్గా చెప్పేవాడు కాదేమో అని గడుగ్గాయికి అప్పుడప్పుడు అనిపించేది. వెంటనే ఏదో ఒక వెటకారం ఆడి సర్దుకునేవాడు.

చివరికి బావ పోరు పడలేక వర్క్‌షాపు ఓనర్ దిగొచ్చాడు. సెలవు రోజున ఎవరూ లేనప్పుడు ఒక ఇనప పలక సొంతంగా కోసి పెట్టమన్నాడు. బాగా వస్తే రెండో ప్రోగ్రామర్ కుర్చీ. పాడైతే మళ్లీ చీపురు, ఈసారి జన్మంతా.

ఆ సెలవు రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మేసింది. మిషన్లన్నీ నిద్రపోతున్న వర్క్‌షాపు గడుగ్గాయికి కొత్తగా ఉంది. రేకుల మీద వాన. ఎక్కడో తొట్టిలోకి బొట్టు బొట్టుగా కారుతున్న కూలెంటు, కట్టర్ వేడెక్కకుండా పోసే నూనె నీళ్లు. నిలవైన కూలెంటు పుల్లటి వాసన, తడి ఇనుము వాసన కలిసి గొంతులో దిగబడుతున్నాయి. వెనకవైపు గోడవారగా పాత మిల్లింగ్ మిషన్. కోత జరిగే చోటుకి అడ్డుగా తలుపులేవీ పెట్టని కాలం నాటిది. దాని బల్ల మీద పలక బిగించి సిద్ధంగా ఉంది.

గడుగ్గాయి తెర మీద ప్రోగ్రాం నడిపి చూశాడు. కట్టర్ బుద్ధిగా ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది. ఎడమ మూలకి రాగానే చటుక్కున పైకి లేచింది. ఖాళీ చోటుని చుట్టి అవతల దిగింది. ఎదురుగా మనిషి నిలబడితే పక్కకి తప్పుకుపోయినట్టు.

"బావా, అక్కడేం లేదు కదా. ఎందుకు ఎగిరింది? నేను చెప్పలేదే."

బావ తెర వైపు చూడలేదు. "పాత సాఫ్ట్‌వేర్, దానికో జబ్బు. ఎవరు ఏం రాసినా ఆ మూల అలాగే తప్పుకుంటుంది. తీసెయ్."

"నువ్వెప్పుడూ తియ్యలేదా?"

"నాకు బద్ధకం. నువ్వు తియ్యి. నీ పేరుతో లాగిన్ అయి తియ్యి. రేపు ఓనర్‌కి నీ పేరు కనిపించాలి కదా." తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "నేను బయట ఉంటా. పక్కనుంటే నేనే చేశానంటారు."

షట్టరు దిగింది.

గడుగ్గాయి తన పేరు కొట్టాడు. ఆ ఎగురుడు ముక్కని చెరిపేశాడు. మళ్లీ నడిపాడు. ఈసారి కట్టర్ తప్పుకోలేదు. నేరుగా పోయింది.

ఖాళీ చోటు ఎర్రబడింది.

గుద్దుకుంది. దేన్ని? అక్కడ దిమ్మ లేదు, బిగింపు లేదు. ఆ ఎరుపు మెల్లగా పరుచుకుంది. మొదట అరచేయి... తర్వాత వేళ్లు.

గడుగ్గాయి పకపకా నవ్వాడు. బావ ఏదో బొమ్మ దాచిపెట్టి ఆటపట్టిస్తున్నాడు. ఇన్నాళ్లకి తన జాతి మనిషి దొరికాడు. సరే, చూద్దాం అనుకుని మిషన్ దగ్గరికి వెళ్లాడు. ఎడమ మూల మీద చెయ్యి ఆడించి చూశాడు. ఏమీ లేదు. ఇనుమంతా చల్లగా ఉంది. ఆ మూల ఒక్కటే గోరువెచ్చగా ఉంది, ఎవరో ఇప్పటిదాకా చెయ్యి ఆనించి తీసినట్టు.

నవ్వు ఆగిపోయింది. చీపురు గుర్తొచ్చింది. స్టార్ట్ నొక్కాడు.

కట్టర్ కీచుమంటూ పలక మీద నడిచింది. తెల్లటి కూలెంటు చిమ్మింది. ఎడమ మూల దగ్గరపడింది... గాలిలోనే ఉంది... ఏమీ తగలకూడదు...

శబ్దం మారింది.

కీచుదనం పోయింది. మెత్తగా... తడిగా... లోపలెక్కడో గట్టిగా ఒకటి పుటుక్కుమంది.

మిషన్ దానంతటదే ఆగింది. వాన కూడా వినిపించడం లేదు.

చెవి పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"బిగించడం... అవ్వలేదు."

గడుగ్గాయి గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు.

"ఆగమన్నా కదా..."

అప్పుడు అతని కుడిచేతిని ఎవరో పట్టుకున్నారు. గరుకు చెయ్యి. కాయలు కాసిన, నూనె జిడ్డు చెయ్యి. పట్టు గట్టిగానే ఉంది. వేళ్లే... ఉండాల్సినన్ని లేవు.

ఆ పట్టుని ఈడ్చుకుంటూ షట్టరు దాకా ఎలా వచ్చాడో తెలీదు. ఎడమచేత్తో దబదబా బాదాడు. బయట తాళం.

"బావా... తియ్యి బావా..."

షట్టరుకి అవతలే, చాలా దగ్గరగా, బావ గొంతు గుసగుసగా వినిపించింది. "పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు బావా, తియ్యి..."

"చెయ్యేనా? గట్టిగా పట్టుకున్నాడా?"

"ఊఁ..."

అవతల నుంచి ఒక నిట్టూర్పు. ఏళ్ల తరబడి మోసిన మూట దించినవాడి నిట్టూర్పు. ఆ తర్వాతే తాళం తిరిగింది.

వానలో నిలబడే బావ చెప్పాడు. గడుగ్గాయి చేరకముందు ఇక్కడ ఒక పెద్ద సెట్టర్ ఉండేవాడు. దిమ్మలు బల్ల మీద బిగించడం ఆయన పని. ఒకరోజు ఆ ఎడమ మూల బిగిస్తుండగా బావ స్టార్ట్ నొక్కాడు. ఆయన బతకలేదు. అప్పట్నుంచి ఏ ప్రోగ్రాం రాసినా ఆ చోటు తప్పుకునే వస్తోంది. మిషన్ వదిలి ఇంటికి పోయినా బావ చెయ్యి మాత్రం ఖాళీగా ఉండేది కాదు, ఆ వేళ్లు తెగిన చెయ్యి పట్టుకునే ఉండేది.

"ఆ చేతిని మళ్లీ ఎవడు కోస్తే, నన్నొదిలి వాడి దగ్గరికి పోతాడేమో అనిపించిందిరా. ఇక మోయడానికి నాకు ధైర్యం చాలలేదు."

"అందుకా నాకు నేర్పింది?"

బావ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఆయన ఆగమన్నాడట కదా బావా."

"వినపడింది," అన్నాడు బావ. "తొందర్లో ఉన్నా."

పలక మాత్రం ముద్దొచ్చేలా వచ్చింది. ఓనర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కుర్చీ ఇచ్చేశాడు. కుర్చీ ఎక్కడ పెట్టించుకోవాలని అడిగితే, బావకి వీపు చూపించేలా పెట్టించుకున్నాడు గడుగ్గాయి. క్యారియర్ కూర ఇప్పటికీ ఇటు జరుగుతూనే ఉంటుంది. ఇతను అటు తోసేస్తాడు.

అక్కకి చెప్పేద్దామనే వెళ్లాడు ఒకరోజు. నోరు తెరిచేలోపు అక్కే అందుకుంది.

"తమ్ముడూ, నువ్వు ఏం మాయ చేశావో గానీ మీ బావ ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నార్రా. పెళ్లయిన దగ్గర్నుంచీ నా చెయ్యి పట్టుకుంటే గానీ కన్నుమూసేవారు కాదు. ఇప్పుడు అటు తిరిగి పడుకుంటే తెల్లారడమే. పని పంచుకునేవాడు దొరికాడని ఆయనకెంత నిశ్చింతో." కళ్లు తుడుచుకుని నవ్వింది.

గడుగ్గాయి కాఫీ తాగి వచ్చేశాడు. ఎడమచేత్తో తాగాడు.

ఇక మీ దగ్గర దాచేదేముంది. ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రోగ్రామర్, మీసం మెలేసే వయసొచ్చిన మగాడు, ఈమధ్య రోజూ అమ్మ పక్కన చాప వేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని పడుకుంటున్నాడు. కుడిచేయి ఎలాగూ ఖాళీగా ఉండదు కాబట్టి ఎడమచేత్తో.

నిన్న పొద్దున అమ్మ మణికట్లు నొక్కుకుంటూ లేచింది.

"చంటిపిల్లాడివా ఏంట్రా, రాత్రంతా నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు," అంది.