మూడో బటన్

"ఆనకట్ట పేల్చబోతున్నారు. ఏ గేటు, ఎన్ని గంటలకు అన్నది ఒక డిస్కులో వస్తుంది. ఆ డిస్కును గాయని ఇంటి టీవీలో వేస్తారు." అంతే చీఫ్ బ్రీఫింగ్.

క్లబ్బులో పాడే ఆ అందగత్తె డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాకూ వార్తలు మోస్తుంది, మనకూ మోస్తుంది. రెండు పడవల మీద కాళ్ళున్న మనిషి, ఏమీ చెప్పొద్దన్నాడు చీఫ్.

అడుగు చప్పుడు వినపడదని డిపార్ట్‌మెంట్ 'పిల్లి' అని పిలిచే ఏజెంటు టీవీ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. ఆమె టీవీకి ఒకటే సాకెట్. డిష్, వీడియో గేము, డిస్కు ప్లేయరు, వీటిలో ఒకటి చూడాలంటే ఇంకొకటి పీకాలి. పిల్లి మూడింటినీ స్విచ్ బాక్సుకు కలిపాడు. ఒకటి నొక్కితే డిష్, రెండు వీడియో గేము, మూడు డిస్కు. బాక్సు కడుపులో ఉలవగింజంత ట్రాన్స్‌మిటర్. టీవీలో బొమ్మ, గదిలో మాట వీధిలోని వ్యానుకు చేరతాయి. గదిలో మాట పట్టే మైకుకు వేరే తీగ లేక మూడో బటన్ సౌండు తీగ తెంపి దానికిచ్చాడు. వేలిముద్రలు మిగలకుండా వెనకంతా తుడిచి వచ్చాడు.

మర్నాడే గాయని ఫోను.

"తమ్ముడూ, అమ్మ డిస్కు వేస్తే పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. పోయిన మనిషి. ఆ గొంతు నాకు దాంట్లోనే ఉంది."

పార్టు రావాలక్కా అన్నాడు. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే చెప్పాడు. బండెడు అబద్ధాలాడిన నోటికి ఇదొక్కటీ చేపముల్లులా అడ్డం పడింది. ఆమె ఆ మూగ తల్లిని చూసినప్పుడల్లా వ్యానులో అతనూ చూడాల్సి వచ్చేది.

ఓ సాయంత్రం ముఠా నాయకుడు డిస్కుతో వచ్చి మూడో బటన్ నొక్కాడు. తెర మీద ఎవడో నోరు కదుపుతున్నాడు. శబ్దం లేదు. తన దొంగతనమే తన నోట మట్టి కొట్టిందని పిల్లికి అర్థమైంది. నాయకుడు స్క్రూడ్రైవర్ అడిగాడు. బాక్సు విప్పితే ముందు పోయేది ఆమె ప్రాణం.

మైకు మూగబోగానే లోపలికి రమ్మని వ్యానులో వాళ్ళకు చెప్పి, సంచీ తగిలించుకుని మెట్లెక్కాడు.

"అక్కా, పార్టు వచ్చింది."

"ఇప్పటికి కరుణించావా నాయనా" అంది ఆమె. నాయకుడు డిస్కు ఆపుదామని రిమోటు వెతికాడు. ఆమె దాని మీదే కూర్చుంది. పిల్లి టీవీ వెనక దూరి మైకు తీగ పీకి, సౌండు తీగ కలిపాడు.

"ఐదో గేటు. ఆరు గంటలకు" అంది టీవీ.

నాయకుడి పిస్టల్ బయటికొచ్చింది. ఆమె చటుక్కున ఒకటో బటన్ నొక్కింది. డిష్‌లో ఏదో ఆట, గది అదిరేలా జనం కేకలు. అతని తల తిరిగిన రెప్పపాటులో పనిముట్ల సంచీ మణికట్టు మీద పడింది. తలుపు పగిలింది. ఐదో గేటు కింద బాంబు తీగ తెగేసరికి ఆరుకి ఒక్క సెకను తక్కువ.

"మొదటి రోజే తెలుసు" అంది ఆమె తర్వాత. "ఏ మెకానిక్కూ పోతూ పోతూ దుమ్ము తుడవడు. నిజం చెప్తావేమోనని ఫోను చేస్తూ వచ్చా."

పిల్లికి తలెత్త బుద్ధి కాలేదు. ఆమె అమ్మ డిస్కు వేసి మూడో బటన్ నొక్కింది. పెదాలు కదిలాయి. ఈసారి మాట కూడా వచ్చింది.

"ఎంతసేపే ఆ టీవీ, ఇక కట్టేయ్."

ఎవరెవరివో ఆర్డర్లు మోసిన ఆ ఇద్దరూ ఈ ఒక్క ఆర్డరు మాత్రం పాటించలేదు.