తిరగబడ్డ తొమ్మిది

థెక్లా కుర్చీ అంచున కూర్చుంది గానీ చేతిసంచీ కింద పెట్టలేదు. కాఫీ వద్దంది.

"మా నాన్నకి మతి తప్పిందని డాక్టరు గారు కాగితం రాసేశారండీ. ఎల్లుండి శనివారం పిచ్చాసుపత్రి బండి వస్తుంది. ఆయనకి పిచ్చి లేదు. కానీ ఉందని నాకే అనుమానం వస్తోంది. అదీ నా భయం."

ప్రైవేటు డిటెక్టివ్ వెండెలిన్ క్రెల్ చేతిలోని పెన్సిలు బల్ల మీద పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, కోర్టు గుమాస్తాలా ఉంటాడు. ఒకప్పుడు గుమాస్తానే. న్యూరెంబర్గ్‌లో ఆయన పేరు చెబితే జేబుదొంగలు నవ్వుతారు, పెద్దమనుషులు మాత్రం నవ్వరు. ఏడేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న ఓటిలీ నోటు పుస్తకం తెరిచింది.

"మొదటినుంచీ చెప్పమ్మా," అన్నాడు క్రెల్.

థెక్లా తండ్రి జేబాల్డ్ హోల్జ్‌నర్ ఇత్తడి వృత్తలేఖినులు, కొలబద్దలు చేసే పనివాడు. భార్య పోయాక ఏడాదిగా పని మానేసి, గోడకి వేలాడే ఒక బొమ్మ ముందు చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుంటున్నాడు. చిత్రకారుడు డ్యూరర్ నాలుగు వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన విషాద దేవత బొమ్మ అది. తాతల నాటిది.

"రెండు నెలల కిందట ఇంట్లో ఇసుక గడియారం పోయింది. తర్వాత త్రాసు, గంట, తాళాల గుత్తి, పట్టకారు. అన్నీ ఆ బొమ్మలో ఉన్న వస్తువులేనండీ! రెండు వారాల కిందట గురువారం సాయంత్రం చూస్తే బొమ్మే లేదు. సోమవారం నాన్న గదిలో బీరువా వెనక దొరికింది. మిగతావన్నీ ఆయన మంచం కింద పెట్టెలో ఉన్నాయి. తనే దాచుకుని మర్చిపోయారన్నారు డాక్టరు గారు."

"మీ నాన్నగారేమన్నారు?"

"బొమ్మ చూసి, 'ఇది నాది కాదు' అన్నారు. అదే బొమ్మ, అదే చట్రం. ఇదేం మాటండీ?"

క్రెల్ లేచి కోటు తొడుక్కున్నాడు.

హోల్జ్‌నర్ ఇల్లు కోట కింది వాలు వీధిలో ఉంది. కింద పనిశాల, పైన కాపురం. ఓటిలీ తిన్నగా బొమ్మ దగ్గరికెళ్ళింది. జానెడు పైచిలుకు కాగితం, అందులో ఒక ప్రపంచం. రెక్కలున్న స్త్రీ ఒకతె చేతిలో వృత్తలేఖిని పట్టుకుని, ఏ పనీ చెయ్యబుద్ధి కాక కూర్చుంది. కాళ్ళ దగ్గర రంపం, మేకులు, బక్కచిక్కిన కుక్క. గోడ మీద పదహారు గళ్ళలో అంకెలు. గౌను అంచు కింద నుంచి ఏదో గొట్టం ముక్కు ఒక్కటే తొంగి చూస్తోంది. చూసేకొద్దీ ఇంకా చూడాలనిపించింది ఆమెకి.

వంటమనిషి బాబెట్ పెట్టె తెచ్చి బోర్లించింది. థెక్లా చెప్పినవాటితో పాటు పాత తగరపు ఎనిమా గొట్టం కూడా పడింది.

"ఇదెక్కడిది?" అన్నాడు క్రెల్.

"పోయిన అమ్మగారిది. జబ్బు పడ్డప్పుడు వాడేవాళ్ళం. మందుల అలమారులో ఉండేది. ఈయనకి దీంతో ఏం పనో!" అని బాబెట్ ముక్కు చీదింది.

క్రెల్ బొమ్మలో గౌను అంచు కింద వేలు పెట్టాడు. "ఇదేమిటమ్మా?"

"కూజా మూతి. ఆ పిల్ల దాహమేసి పక్కన పెట్టుకునుంటుంది."

అల్లుడు కొన్రాడ్‌నీ అదే అడిగాడు. పనిశాలని మోటారు సైకిళ్ళ షెడ్డు చేసుకోవాలని అతని ఆశ. "నాకేం తెలుసండీ! మామయ్య పిచ్చి మాకు కూడా అంటించకండి," అని విసుక్కున్నాడు. థెక్లా మాత్రం వెంటనే చెప్పింది: "కొలిమి తిత్తి. చిన్నప్పుడు నాన్న చూపించేవారు, మా పనిశాలలో తిత్తి లాంటిదే అని."

ఆ తిత్తి పొయ్యి పక్కనే వేలాడుతోంది. దాని మీద దుమ్ము కదల్లేదు.

ముసలాయన తన గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీ బొమ్మకీ దీనికీ తేడా ఏమిటి, హోల్జ్‌నర్ గారూ?" అన్నాడు క్రెల్.

"నా తొమ్మిది తిరగబడి ఉండేది."

వెనక నుంచి కొన్రాడ్ నవ్వాడు. ముసలాయన పట్టించుకోకుండా సొరుగులోంచి ఇత్తడి డబ్బా తీశాడు. పెళ్ళినాడు భార్యకి చేసిచ్చింది. మూత మీద అవే పదహారు గళ్ళు, అందులో తొమ్మిది అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగబడి ఉంది.

"చూశారా, అప్పుడు కూడా చెయ్యి తప్పింది!" అన్నాడు కొన్రాడ్.

"నా చెయ్యి తప్పదురా," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. ఆ ఒక్క మాటలో ఓటిలీకి పిచ్చి ఎక్కడా కనిపించలేదు.

నాలుగింటికి డాక్టర్ అంబ్రోస్ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి గురువారం వచ్చే కుటుంబ స్నేహితుడు. నాడి చూడటం, నిద్ర చుక్కలివ్వడం, చదరంగం ఆడటం, అన్నీ గది తలుపు మూసుకునే. క్రెల్ బొమ్మ గురించి అడగ్గానే ఆయన మొహం వెలిగిపోయింది.

"దీన్ని అర్థం చేసుకునేవాళ్ళు ఈ ఊళ్ళో నలుగురు లేరండీ! ఒంట్లో నల్లపిత్తం పెరిగితే మనిషికి ఈ దిగులు. దానికి అధిపతి శని. ఆ అంకెల గళ్ళు గురుగ్రహ యంత్రం, శని పీడకి విరుగుడు. నిలువుగా కూడినా అడ్డంగా కూడినా ముప్పై నాలుగే."

"మరి ఈ ముక్కు?"

"ఎనిమా గొట్టం! పిత్తం దిగడానికి ఆనాటి వైద్యం అదేగా. ఇంకోలా అనేవాళ్ళకి వైద్యం తెలీదు."

ఓటిలీ ఆ మాట రాసుకుని తలెత్తేసరికి, క్రెల్ మర్యాదగా కృతజ్ఞతలు చెబుతున్నాడు. దారిలో ఆయన ప్రదర్శనశాలలో పాత అచ్చుబొమ్మలు చూసుకునే ఉద్యోగిని కలిశాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. ఓటిలీకి మాత్రం మర్నాటి పని ఒకటి అప్పగించాడు.

శుక్రవారం పదకొండింటికి, క్రెల్ పిలవగా, డాక్టరుతో సహా అందరూ బొమ్మ ముందు చేరారు. ఓటిలీ ఒళ్ళో చదునైన పొట్లం ఉంది.

"రాగిరేకు మీద అంకెలు అద్దంలోలా తిప్పి చెక్కాలి," అని మొదలుపెట్టాడు క్రెల్. "ఎంత మహానుభావుడైనా ఒక్క అంకె దగ్గర పొరబడ్డాడు. కొద్ది ప్రతులు అచ్చయ్యాక చూసుకుని దిద్దాడు. తిరగబడ్డ తొమ్మిది ఉన్న ప్రతులు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హోల్జ్‌నర్ గారిది అలాంటిది. పెళ్ళినాటి డబ్బా మీద ఆయన ఉన్నదున్నట్టే చెక్కారు. ఇప్పుడు గోడ మీదున్నది దిద్దిన తర్వాతి ప్రతి. ఎవరో దీన్ని కొని తెచ్చి మార్చేశారు."

"అయ్యో నాన్నా!" అంది థెక్లా.

"ఆయన నిజం చెబితే ఎవరూ నమ్మకూడదు. అందుకే ముందు రెండు నెలలు వస్తువులు మాయం చేసి ఆయన మంచం కింద పెట్టారు. కానీ దాచినవాడు ఈ ముక్కుని ఎనిమా గొట్టం అనుకున్నాడు. బాబెట్ కూజా అంది, ఈ తండ్రీకూతుళ్ళు తిత్తి అంటారు. ముసలాయనే దాచి ఉంటే చేతికందే తిత్తి వదిలి, మందుల అలమారు వెతుకుతారా?"

కొన్రాడ్ నెమ్మదిగా డాక్టరు వైపు తిరిగాడు. అందరూ తిరిగారు.

"ఒక అభిప్రాయానికి దొంగనైపోతానా?" అంబ్రోస్ నవ్వబోయాడు. "సాక్ష్యమేదీ?"

ఓటిలీ పొట్లం విప్పింది. పొద్దున ఆమె డాక్టరు ఇంట్లో ఉండే ఆయన చెల్లెలి దగ్గరికెళ్ళి "హోల్జ్‌నర్ గారి బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చాను" అంది. అందులో అబద్ధం లేదు. ఏమీ తెలియని ఆవిడ అన్నగారి బల్ల సొరుగులోంచి తీసి, జాగ్రత్తగా చుట్టి మరీ ఇచ్చింది.

భూతద్దం అక్కర్లేకుండానే తిరగబడ్డ తొమ్మిది కనిపించింది. అంబ్రోస్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ రెండు వారాల్లో ఎన్నిసార్లు తిరిగిచ్చేద్దామనుకున్నానో!" అన్నాడు. "ఇరవై ఏళ్ళు చూశాను జేబాల్డ్. నువ్వు దాన్ని చూసి దిగులుపడతావు, నేను చూసి బతుకుతాను. నువ్వు పోతే వీడు అమ్మి బండి కొనుక్కుంటాడు."

కొన్రాడ్ తల దించుకున్నాడు.

"బొమ్మ తీసుకున్నందుకు కాదు," అన్నాడు ముసలాయన. "నువ్వు చెబితే, నిజంగానే నాకు మతి పోయిందేమో అనుకున్నాను రా. నిన్ను నమ్మి నన్ను నేను నమ్మడం మానేశాను."

పోలీసులు వద్దన్నాడాయన. అంబ్రోస్ జేబులోంచి శనివారం బండివాళ్ళకివ్వాల్సిన కాగితం తీసి నాలుగు ముక్కలుగా చించి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. బాబెట్ కళ్ళు తుడుచుకుంటూ సూప్ వేడి చెయ్యడానికి పరిగెత్తింది.

ముసలాయన మళ్ళీ చెంపకి చెయ్యి ఆనించుకుని అడిగాడు: "ఇక గురువారం ఎవరొస్తారు?"

క్రెల్ టోపీ అందుకున్నాడు. దాని అంచు తిప్పుతూ నిలబడ్డాడు.

"మా ఇల్లు రెండు వీధుల అవతలేనండీ," అంది ఓటిలీ. "నాలుగింటికి నాకు పనేమీ ఉండదు."

"చదరంగం వచ్చా?"

"రాదండీ."

ముసలాయన చెంప మీంచి చెయ్యి తీశాడు.

"మంచిది," అన్నాడు. "అతనికి మరీ బాగా వచ్చేది."